మోసేది క్వింటాళ్లు, మందం మిల్లీమీటర్లు

70 కిలోల మనిషి నేల మీద మామూలుగా నడిచినా, అడుగడుగునా మోకాలి కీలుపై పడే భారం 70 కిలోలు కాదు. శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్లు, అంటే 140 నుంచి 210 కిలోలు. మెట్లు ఎక్కినా దిగినా అది మూడు రెట్లు దాటుతుంది. ఒంటి బరువుకు చుట్టూ ఉన్న కండరాల బిగింపు తోడవడమే ఇందుకు కారణం. ఇంత భారాన్ని ఈ కీలు ఎలా తట్టుకుంటోంది?

3 ఎముకలు
పెద్దవాళ్ల ఒంట్లో సాధారణంగా 206 ఎముకలు ఉంటాయి. వాటిలో మోకాలి కీలులో కలిసేవి మూడే: తొడ ఎముక, కాలి ముందుండే పెద్ద ఎముక, మోకాలి చిప్ప. తొడ ఎముక శరీరంలోకెల్లా పొడవైనది; మన ఎత్తులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. చిప్ప మాత్రం పుట్టినప్పుడు మెత్తటి మృదులాస్థే. సుమారు 3 నుంచి 6 ఏళ్ల మధ్య ఎముకగా గట్టిపడటం మొదలవుతుంది. బావి మీది గిలకలా తొడ కండరాల లాగుడుకు బలం చేకూర్చడం దాని పని.

2 నుంచి 4 మిల్లీమీటర్లు
ఎముకల చివర్లను కప్పి ఉంచే మృదులాస్థి మందం చాలాచోట్ల ఇంతే. ‘గుజ్జు అరిగింది’ అంటున్నది దీని గురించే. ఇందులో 65 నుంచి 80 శాతం నీరు. రక్తనాళాలు లేవు, కాబట్టి దెబ్బతింటే సరిగా మానదు. నరాలూ లేవు, కాబట్టి అరుగుదల మొదలైనా వెంటనే నొప్పి తెలియదు. దీనికి పోషణ కీలులోని జిగురు ద్రవం నుంచే అందుతుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ఆ ద్రవం ఒక టీస్పూను కూడా ఉండదు. అడుగు పడినప్పుడు మృదులాస్థి నొక్కుకుని, లేచినప్పుడు విచ్చుకుంటుంది. పోషకాలు లోపలికి ఇంకేది ఆ కదలికతోనే. కాబట్టి అరుగుతుందన్న భయంతో నడక మానేస్తే నష్టమే ఎక్కువ.

4 + 4 + 3
ఎముకలు పక్కకు జారకుండా పట్టి ఉంచే ప్రధాన లిగమెంట్లు నాలుగు. తొడ ముందు నాలుగు కండరాలు కాలిని చాపితే, వెనక మూడు కండరాలు మడుస్తాయి. కండరానికి లాగడమే తప్ప నెట్టడం చేతకాదు. అందుకే ముందొక జట్టు, వెనకొక జట్టు. నడకకు మోకాలు 60 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా వంగితే సరిపోతుంది. గొంతుక్కూర్చోవాలంటే 130 డిగ్రీలకు పైగా వంగాలి. మోకాలు నొప్పి ఉన్నవాళ్లకు నేల మీద కూర్చుని లేవడం అంత కష్టమయ్యేది అందుకే.

36.5 కోట్లు
ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో సుమారు 52.8 కోట్ల మంది కీళ్ల అరుగుదలతో బాధపడ్డారు. అందులో మోకాళ్ల బాధితులే 36.5 కోట్లు.

1 కిలో = 4 కిలోలు
అధిక బరువుతో పాటు మోకీళ్ల అరుగుదల ఉన్న పెద్ద వయసువారిపై అమెరికాలో జరిగిన అధ్యయనం 2005లో వెలువడింది. ఒక కిలో బరువు తగ్గితే అడుగుకు నాలుగు కిలోల చొప్పున మోకాలిపై భారం తగ్గుతుందని అది తేల్చింది.

అరిగిన గుజ్జును మునుపటిలా తిరిగి తెచ్చే మందు ఇంకా లేదు. తొడ కండరం అలా కాదు, 70 ఏళ్లు దాటినా వ్యాయామంతో బలపడుతుంది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, 5 సెకన్లు ఆపి దించండి. ఒక్కో కాలికి 10 సార్లు చాలు. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా ఎముకల డాక్టరుకు చూపించుకోండి.