మిగిలిన అన్నం, కూర ఫ్రిజ్‌లో ఎప్పుడు పెట్టాలి?

మందులు కొట్టకుండా పండించిన తిండి తొందరగా పాడవదని చాలామంది అంటుంటారు. వండినాక ఆ తేడా ఏమీ ఉండదండీ.

మనం జీవామృతం ఎలా చేస్తాం? 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి 48 గంటలు నీడలో పెడతాం. తడి, వెచ్చదనం, తిండి దొరికితే సూక్ష్మజీవులు కోట్లలో పెరుగుతాయి. మిగిలిన కొర్రన్నం, పప్పు ఉన్న గిన్నె కూడా వాటికి అలాంటి డ్రమ్మే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య అవి జోరుగా పెరుగుతాయి. శ్రీశైలం కొండ దిగితే మా వైపు ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. అందుకే నేను వండిన 2 గంటల్లోపు, ఎండాకాలంలో గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టేస్తాను.

వీడియోలో చూపించినట్టు లోతు తక్కువ గిన్నెల్లోకి సర్దండి. పెద్ద గిన్నెతో పెడితే నడుమ వేడి గంటలకొద్దీ పోదు. ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉండాలి. కరెంటు పోతే తలుపు తెరవొద్దు, 4 గంటల దాకా చల్లదనం నిలుస్తుంది.

"మళ్లీ వేడి చేస్తే చాలదా?" అంటారు. చాలదు. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం బయటే ఉండిపోతే అది విడిచే విషం వేడికి పోదు. వాసన బాగున్నా నమ్మొద్దు.

ఫ్రిజ్ సూక్ష్మజీవుల్ని చంపదు, నెమ్మది చేస్తుందంతే. అన్నం మర్నాడే, కూరలు 3 రోజుల్లోపు తినేయండి. తినేంత మటుకే తీసి పొగలొచ్చేదాకా వేడి చేయండి. బయట ఎక్కువసేపు ఉన్నది ఎరువు గుంతలో వేయండి. నేలకు పోయింది వృథా కాదు కదా.