నీడలు చదివే కన్ను



పెద్దాసుపత్రికి వెళ్ళి వచ్చినవారి నోట ఈ మాట మీరూ వినే ఉంటారు. "స్కాను గదిలో పడుకోబెట్టారు. ఒక చిన్న డాక్టరమ్మ కడుపు మీద జెల్లీ రాసి పదినిమిషాలు చూసింది. అయిపోయింది గదా అని లేవబోతే పెద్ద డాక్టరు వచ్చి మళ్ళీ మొదటినుంచీ చూశాడు. ఆయన ఏదో చెబుతాడు, ఆమె రాసుకుంటుంది. మన ఒళ్ళే వాళ్ళకు పలకయింది" అంటారు. ఆ మాటలో కాస్త కోపం ఉంటుంది, కాస్త భయమూ ఉంటుంది. ఆ భయం అర్థం లేనిది కాదు. అయితే ఆ గదిలో జరిగినదేమిటో తెలిస్తే కోపం తగ్గుతుంది. మన మేలు కోసం మనం అడగవలసినదేమిటో కూడా తెలుస్తుంది. ఈనాటి ప్రసంగంలో ఆ సంగతి చెప్పుకుందాం.

ముందుగా ఒక తేడా గమనించాలి. ఎక్స్‌రే తీసేవారు వేరు, దాన్ని చదివేవారు వేరు. మనల్ని సరిగా నిలబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి, బొమ్మ తీసేవారు రేడియోగ్రాఫర్లు. వారిదీ చదువుకున్న విద్యే. ఆ బొమ్మను చూసి, ఇది ఫలానా జబ్బు కావచ్చు, ఫలానాది కాదు అని రాసి సంతకం పెట్టే డాక్టరు రేడియాలజిస్టు. ఆ డాక్టరును మనం చాలాసార్లు చూడను కూడా చూడం. కాని మనకు కత్తి పెట్టాలా వద్దా అనే నిర్ణయం చాలావరకు ఆ కాగితం మీదనే ఆధారపడి ఉంటుంది.

ఈ విద్యకు పునాది 1895 నవంబరు 8న పడింది. జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో రాంట్‌జన్ అనే భౌతిక శాస్త్రవేత్త కంటికి కనబడని కొత్త కిరణాలను ఆనాడు గుర్తించాడు. కొద్ది వారాలకే తన భార్య చేతిని ఆ కిరణాలతో బొమ్మ తీస్తే ఎముకలూ, వేలి ఉంగరమూ కనిపించాయి. 1901లో భౌతిక శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది. తరువాత అల్ట్రాసౌండ్ వచ్చింది. 1971లో లండనులో మొదటిసారిగా ఒక రోగి మెదడును సీటీ స్కాను తీశారు. ఆపైన అయస్కాంత శక్తితో పనిచేసే ఎమ్మారై వచ్చింది. ఇన్ని యంత్రాలు వచ్చినా ఒక్క సంగతి మారలేదు. యంత్రం బొమ్మ ఇస్తుంది. ఆ బొమ్మకు అర్థం మనిషి కన్ను చెప్పాలి.

ఆ కన్ను ఎలా తయారవుతుంది? మన రాజపాళయం ప్రాంతపు శ్రోతలకు దీన్ని చెప్పడం తేలిక. పత్తి వ్యాపారంలో ఆరితేరినవారు దూదిని వేళ్ళ మధ్య పట్టి లాగి చూసి, పింజ పొడవెంతో, ఏ నూలుకు పనికివస్తుందో చెబుతారు. ఆ నేర్పు పుస్తకం చదివితే రాదు. అనుభవజ్ఞుడి పక్కన నిలబడి, వేల బేళ్ళ దూది చూస్తే వస్తుంది. రేడియాలజీ కూడా అంతే. ఎం.బి.బి.ఎస్. చదువు, హౌస్ సర్జన్ పని కలిపి ఐదున్నర ఏళ్ళు. ఆపైన రేడియో డయాగ్నసిస్‌లో ఎం.డి. మూడేళ్ళు. మొత్తం ఎనిమిదిన్నర ఏళ్ళు. డబ్బుంటే యంత్రాన్ని ఈ ఏడే కొనవచ్చు. దాన్ని చదివే మనిషి కోసం అంతకాలం ఆగాలి.

ఈ మూడేళ్ళలో మొదట నేర్పేది జబ్బు కాదు, ఆరోగ్యం. మామూలు ఛాతీ ఎలా ఉంటుందో వందలసార్లు చూస్తేగాని, మామూలు కానిది కంటికి ఆనదు. తరువాత వరుస నేర్పుతారు. ముందు పేరు, తేదీ, కుడి ఎడమ గుర్తు చూడాలి. పిదప గాలిగొట్టం, గుండె, ఊపిరితిత్తులు, ఎముకలు ఒక క్రమంలో చూడాలి. జబ్బు దాగే మూలలు కొన్ని ఉన్నాయి: మెడ కింది ఎముక చాటున ఊపిరితిత్తి కొన, గుండె వెనుక భాగం, ఉదర వితానం కింది భాగం. వీటిని ప్రత్యేకంగా వెతకాలి. ఇంకొక హెచ్చరిక గురువులు పదేపదే చేస్తారు. ఒక దొంగ దొరికాడు గదా అని ఇల్లు వెతకడం మానకూడదు. పక్కటెముక విరిగిందని కనిపెట్టిన సంతోషంలో, దాని పక్కనే ఊపిరితిత్తిలో ఉన్న చిన్న గడ్డను వదిలేసే ప్రమాదం ఉంది. అందుకే చిన్న డాక్టరు చూసినదాన్ని పెద్ద డాక్టరు మళ్ళీ చూస్తారు. శ్రోతలారా, మన కడుపు మీద రెండోసారి స్కాను పెట్టడం వెనుక ఉన్న కారణం ఇదే. అది మనకు జరిగిన అలక్ష్యం కాదు. ఒక కన్నుకు బదులు రెండు కళ్ళు చూశాయన్నమాట. పైగా అల్ట్రాసౌండ్‌లో కిరణాల భయం లేదు. అది కేవలం మన చెవికి అందని ధ్వని.

ఇక ఈ చదువు ఒక్క ఆసుపత్రి గోడల మధ్య ఎందుకు సరిపోదో చూద్దాం. ఒక్కొక్క ఆసుపత్రికి వచ్చే జబ్బులు ఒక్కొక్క రకం. ఒకచోట రోడ్డు ప్రమాదాలు ఎక్కువ, ఒకచోట క్యాన్సర్లు, ఒకచోట కాన్పులు, ఒకచోట క్షయ. ఒకే బడిలో చదివిన కన్ను ఒకే రకం నీడలకు అలవాటు పడుతుంది.

దీనికి మన తెలుగువారి చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ ప్రారంభమయింది. కెప్టెన్ బర్నార్డ్ పేరు దానికి పెట్టారు. 1937లో ఆ బర్నార్డ్, షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలైనవారు కలిసి మద్రాసు రాష్ట్రంలోని ఫ్లోరోసిస్ వ్యాధి గురించి ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. అప్పట్లో నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము వంగక, మెడ తిరగక కొయ్యబారిపోయిన రైతులు ఉండేవారు. బావి నీటిలోని ఫ్లోరైడు వారి ఎముకలను గట్టిపరిచింది. ఎక్స్‌రేలో ఆ వెన్నెముక సుద్దలా తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. ఇక్కడే చిక్కు ఉంది. ముసలితనంలో మగవారికి వచ్చే ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సరు ఎముకలకు పాకినా, అక్కడి ఎముక అలాగే తెల్లబడవచ్చు. ఫ్లోరైడు నీళ్ళ ఊళ్ళు ఎన్నడూ చూడని డాక్టరు దాన్ని క్యాన్సరని పొరబడవచ్చు. చూసిన డాక్టరు ముంజేతి ఎక్స్‌రే కూడా తీయమంటారు. అక్కడ రెండు ఎముకల నడుమ ఉన్న పొర సున్నం కట్టి కనబడితే ఫ్లోరోసిస్ అని అనుమానం బలపడుతుంది. నల్లగొండలోనో, మన సరిహద్దున ధర్మపురిలోనో కొన్నాళ్ళు పనిచేసిన కన్నుకు ఆ నీడ పాత చుట్టం. మిగతా కన్నులకు అది కొత్త ముఖం.

ఎముకల నీడలు చదవడంలో పేరు మోసిన తెలుగు వైద్యుడు డాక్టర్ కాకర్ల సుబ్బారావు. 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. అమెరికాలో రేడియాలజీ నేర్చి తిరిగివచ్చి హైదరాబాదులో ఉస్మానియా వైద్య కళాశాల విద్యార్థులకు బోధించారు. మళ్ళీ అమెరికా వెళ్ళి, 1980ల నడుమ తిరిగి వచ్చి నిమ్స్ సంస్థను నడిపించారు. యువ రేడియాలజిస్టుల చదువు కోసం ఒక ట్రస్టు కూడా నెలకొల్పారు. 2000లో పద్మశ్రీ పొందారు. 2021లో కన్నుమూశారు. ఇన్ని పదవులు చేసినా ఆయన విడవని పని పాఠం చెప్పడం. ఒక మంచి గురువు చదివే ఫిల్ములకు లెక్క ఉంటుంది గాని, ఆయన శిష్యులు చదివే ఫిల్ములకు లెక్క ఉండదు.

ఇక మన ముంగిలికి వద్దాం. సేత్తూరు పడమటి కనుమల అంచున, రాజపాళయం నుంచి తెన్‌కాశి పోయే దారిలో ఉంది. ఇక్కడివారికి పెద్దవైద్యం కావాలంటే ఉత్తరాన మదురై, దక్షిణాన తిరునల్వేలి. మదురై వైద్య కళాశాల 1954లోను, తిరునల్వేలి కళాశాల 1965లోను మొదలయ్యాయి. 2022 జనవరిలో మన జిల్లా కేంద్రమైన విరుదునగరులో కూడా ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయింది. ఈ కళాశాలలన్నీ తమిళనాడు డాక్టర్ ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్నవే. ఒక తాడుకు కట్టిన దీపాల వంటివన్నమాట.

ఆ వెలుగును కళాశాలల బయటికి తేవడానికి ఒక ఏర్పాటు జరిగింది. 2020లో వచ్చిన నిబంధన ప్రకారం, పి.జి. చదివే ప్రతి డాక్టరూ మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రిలో పనిచేయాలి. రేడియాలజీ విద్యార్థికి ఇది గొప్ప బడి. పెద్దాసుపత్రిలో సందేహం వస్తే ఎమ్మారై రాయవచ్చు. చిన్న ఆసుపత్రిలో ఒక ఎక్స్‌రే, ఒక అల్ట్రాసౌండ్, తన బుద్ధి, ఇవే ఆధారం. ఈ రోగిని ఇక్కడే ఉంచవచ్చా, ఈ రాత్రికే మదురై పంపాలా అన్నది అక్కడ తేల్చాలి. బ్రిటన్‌లో రేడియాలజీ శిక్షణ ఐదేళ్ళు. అక్కడ కూడా శిక్షణలో ఉన్న డాక్టర్లు ఒక ప్రాంతంలోని పలు ఆసుపత్రులు తిరిగి నేర్చుకుంటారు. మన మూడు నెలలు దానితో పోలిస్తే చిన్నవే. అయినా మంచి మొదలు.

అలాగని కష్టాలు లేవని కాదు. కొత్త కళాశాలకు కట్టడం, యంత్రం వచ్చినంత త్వరగా అనుభవమున్న గురువులు రారు. గురువు లేని చోట శిష్యుణ్ణి వదిలితే అది శిక్షణ కాదు, గాలికి వదలడమే. తన కన్ను చాలనప్పుడు ఆ బొమ్మను తీగ మీద పెద్ద ఆసుపత్రికి పంపి అడిగే వీలు నేడు ఉంది. ఛాతీ ఎక్స్‌రేలో క్షయను పసిగట్టే కంప్యూటరు పద్ధతులను కూడా 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అవి సాయం చేస్తాయి. కాని రోగిని ఒక్క ప్రశ్న అడిగి సంగతి తేల్చుకునే పని మాత్రం డాక్టరుదే.

ఆ ప్రశ్న ఎంత ముఖ్యమో చూడండి. నూలు మిల్లులో పనిచేసే వ్యక్తికి సెలవు ముగిసి పనిలోకి వెళ్ళిన రోజున ఛాతీ బిగుసుకుంటుంది, దగ్గు వస్తుంది. పత్తి దుమ్ము వల్ల వచ్చే జబ్బు కావచ్చు. కాని అతని ఎక్స్‌రే శుభ్రంగా ఉండవచ్చు. ఏ పని చేస్తాడో చీటీ మీద రాసి ఉంటేనే రేడియాలజిస్టు, "ఫిల్ము బాగుంది గాని ఊపిరి పరీక్ష చేయించండి" అని రాయగలుగుతారు. నీడ చెప్పని సంగతిని మన నోరు చెప్పాలి.

కనుక శ్రోతలారా, మన వంతు పని కూడా కొంత ఉంది. పాత ఎక్స్‌రేలు, స్కానులు పారేయకండి. ఊపిరితిత్తిలో ఒక మచ్చ ఉంటే, మూడేళ్ళ కిందటి ఫిల్ములో కూడా అదే మచ్చ అలాగే ఉంటే, అది మానిన గాయం కావచ్చు. లేకపోతే కొత్త జబ్బు. పాత ఫిల్ము ఒక్కటి ఎన్నో పరీక్షలను తప్పిస్తుంది. ఫోనులో తీసిన ఫోటో దానికి బదులు కాదు. సన్నని గీతలు అందులో మాసిపోతాయి. మీ పని, పాత జబ్బులు, చేయించుకున్న ఆపరేషన్లు చెప్పండి. గర్భవతి అయితే ముందే చెప్పాలి. ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే సీటీ స్కానులో కిరణాలు ఎన్నో రెట్లు ఎక్కువ, కనుక "ఇది అవసరమా?" అని మర్యాదగా అడగడం తప్పు కాదు. రిపోర్టు మీద ఏ డాక్టరు సంతకం ఉందో చూడండి. శిక్షణలో ఉన్న డాక్టరు పరీక్షిస్తే, పెద్ద డాక్టరు కూడా చూస్తారా అని అడిగే హక్కు మీకుంది. పుట్టబోయేది ఆడో మగో మాత్రం అడగకండి. చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం, అడిగి చెప్పించుకోవడమూ నేరమే.

ఈసారి స్కాను గదిలో చిన్న డాక్టరమ్మ వచ్చి, "అమ్మా, ఒక్కసారి ఊపిరి బిగబట్టండి" అంటే ఆ మాట గుర్తుంచుకోండి. మీ ఒళ్ళు పలకయిందని బాధపడకండి. ఆ పలక మీద దిద్దిన అక్షరం రేపు ఏ అర్ధరాత్రో, మన కొండకింది ఊరి నుంచి కడుపునొప్పితో పరుగెత్తుకొచ్చిన మరొకరి ప్రాణానికి అక్కరకు వస్తుంది. ఆ మరొకరు మన ఇంటివారే కావచ్చు.