గోడ ఒక్కటే... కూలి వేరు!

రసమట్టంలో బుడగ అహోబిలంలోనైనా, బెంగళూరులోనైనా మధ్యలోనే నిలవాలి. ఆ గోడ కట్టిన చేతికి అందే కూలి మాత్రం ఊరూరికీ మారిపోతుంది. అంతెందుకు, కోస్తాలో తాపీమేస్త్రీ అనిపించుకున్న మనిషి నంద్యాల వైపు వస్తే బేల్దారి!

తేడా ఎంతంటే... రిజర్వు బ్యాంకు లెక్కల ప్రకారం 2021-22లో పల్లెల్లో భవన నిర్మాణ కార్మికుడి సగటు రోజు కూలి దేశం మొత్తంమీద 373 రూపాయలు. కేరళలో అది 830 దాటింది. మధ్యప్రదేశ్‌లో 270 కూడా లేదు. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు వెళ్లిపోగా మిగిలినవారికి గిరాకీ ఉండటం, సంఘాలు గట్టిగా నిలబడటం కేరళకు కలిసొచ్చాయి. బెంగాల్, అస్సాంల నుంచి రైలెక్కి అక్కడికి వెళ్తున్నది అందుకే. మన సీమవాళ్లకైతే బెంగళూరు, హైదరాబాద్ దగ్గర. అక్కడ కూలి ఎక్కువే గానీ, గది అద్దె, పూటకూళ్లు పోగా ఇంటికి పంపేదెంతన్నదే అసలు లెక్క.

ఒకే ఇంటి పనిలోనూ అందరిదీ ఒకే రేటు కాదు. మాలు కలిపేవారికి ఒకటి, ఇటుక పేర్చే బేల్దారికి ఒకటి. సెంట్రింగ్, టైల్స్ పనులు ఎక్కువగా చదరపు అడుగుల లెక్కన గుత్తకు పోతాయి. చెయ్యి తిరిగినవాడికి గుత్త లాభం, కొత్తవాడికి రోజుకూలే నయం. ఇక అదే తాలూకాలోని ఆళ్లగడ్డ శిల్పులది మరో లోకం. వాళ్లకు విగ్రహాన్ని బట్టి ధర. ముక్కు చెక్కేటప్పుడు ఉలి కాస్త జారిందా, రాయితోపాటు అన్నాళ్ల కష్టమూ పోయినట్లే! అనుభవానికి కట్టే ఖరీదు అక్కడ కళ్లకు కనబడుతుంది.

మరి ఆడవాళ్ల సంగతి? సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చింది. కానీ ఏళ్ల తరబడి తట్టలు మోసిన మనిషి చేతికి తాపీ ఇచ్చేవాళ్లు అరుదు. తాపీ పట్టనివ్వకపోతే ఇక సమాన పని అన్న ప్రశ్నే రాదు కదా!

ఇంత చెప్పుకున్నా, రోజు కూలి ఎంతన్నది సగం మాటే. నెలకు ఎన్ని రోజులు పని దొరుకుతుందన్నది మిగతా సగం. 2019లో రాష్ట్రంలో ఇసుక దొరక్క పనులు ఆగిపోయినప్పుడు మేస్త్రీ, కూలీ తేడా లేకుండా అంతా ఇళ్లలోనే కూర్చున్నారు.

ఇలాంటి రోజుల కోసమే 1996 చట్టం సంక్షేమ బోర్డులను తెచ్చింది. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సుగా ఆ నిధికి చేరుతుంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా సెస్సును కొనసాగించింది. పేరు నమోదుకు మాత్రం గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉండాలి. ఈ వారం ఒక మేస్త్రీ కింద, వచ్చే వారం మరో మేస్త్రీ కింద చేసేవాళ్లు ఆ 90 రోజులకూ సంతకం ఎవరితో పెట్టించుకోవాలో!