ఆకాశయానమున తప్పు నొప్పుకొనుట

మన ఉదయగిరి దుర్గము నెక్కునపుడు ముందు నడచు బాలుడొకడు కదలుచున్న రాతిమీద కాలుమోపి, పడబోయి, ఎట్లో నిలదొక్కుకొనెననుకొనుడు. వాడు వెనుదిరిగి “ఈ రాయి కదలుచున్నది, జాగ్రత్త” యని కేకవేసినచో వెనుకవారందఱును క్షేమముగా కొండ నెక్కుదురు. నలుగురు నవ్వుదురేమోయని సిగ్గుపడి యూరకున్నచో, ఆ రాతిమీదనే మఱియొకడు జారును. వాడు నిలదొక్కుకొనలేకపోవచ్చును. వేలకొలది అడుగుల యెత్తున నెగురు విమానముల క్షేమమునకును మూలసూత్ర మిదియే. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములనుండి కువైటు మొదలగు దేశములకు జీవనార్థమై పోవువారు చెన్నపట్టణమున విమాన మెక్కుచుందురు. వారి ప్రాణములు యంత్రముల గట్టితనముపై మాత్రమేగాక, ముందు ఆ దారిని పోయినవారు దాచక చెప్పిన మాటలపై గూడ నాధారపడియున్నవి. అది యెట్లో యీ వ్యాసమున వివరింపబడును.

1974 వ సంవత్సరము డిసెంబరు 1 వ తేదీన అమెరికాలో టి. డబ్ల్యు. ఏ. కంపెనీవారి 514 వ నెంబరు విమానము వాషింగ్టను నగరసమీపమునందలి డల్లెస్ విమానాశ్రయమున దిగవలసియుండెను. ఆకాశము మేఘావృతమై గాలి తీవ్రముగా వీచుచుండెను. విమాన మింకను 44 మైళ్ల దూరమున నుండగనే, దిగుటకై సమీపింపవచ్చునని నేలపైనున్న అధికారులు అనుమతి నిచ్చిరి. ఆ మాటకు చోదకు లొక యర్థమును, అధికారులు వేఱొక యర్థమును గ్రహించిరి. తాము 1,800 అడుగుల యెత్తునకు వెంటనే దిగవచ్చునని చోదకులు తలచిరి. దారిలోని కొండలకు తగిన యెత్తును చోదకులే చూచుకొందురని అధికారులు తలచిరి. విమానము మౌంట్ వెదర్ అను కొండకు కొట్టుకొని, అందున్న 92 మందియు మరణించిరి.

విచారణ జరుగగా హృదయవిదారకమగు సంగతి యొకటి బయలుపడెను. అంతకు ఆఱువారములకు ముందు యునైటెడ్ కంపెనీవారి విమానమొకటి ఆ త్రోవనే, ఆ యపార్థముచేతనే, ఆ కొండకే తగులబోయి తప్పించుకొనియుండెను. ఆ చోదకులు సిగ్గుపడక తమ కంపెనీకి సంగతి తెలిపిరి. కంపెనీవారును తమ చోదకుల నందఱను హెచ్చరించిరి. కాని యా హెచ్చరిక ఆ కంపెనీ గడప దాటి యితర కంపెనీలకు చేరలేదు. కదలు రాతిని గుఱించి యొక యింటివారికి మాత్రమే తెలిసెను. పొరుగింటివారు దానిమీదనే కాలుమోపిరి.

దీనినుండి బుద్ధి తెచ్చుకొని, 1975 లో అమెరికా విమానయాన ప్రభుత్వశాఖవారు, పొరపాటులను తెలుపువారిని దండింపమని ప్రకటించిరి. అయినను చోదకులు జంకిరి. అనుమతిపత్రమును లాగికొనగల అధికారియొద్దకే పోయి “నేను తప్పుచేసితిని” అని చెప్పుట కెవరికి ధైర్యము చాలును? అందుచే 1976 లో ఆ పనిని నాసా యను పరిశోధనసంస్థ కప్పగించిరి. ఆ సంస్థకు చోదకులను దండించు నధికారము లేదు. నివేదికపై వ్రాసినవాని పేరుండు చీటీభాగమును చించి, వ్రాసినవానికే రసీదుగా త్రిప్పి పంపుదురు. తరువాత పేరుగాని, గుర్తుగాని లేకుండ విషయమును మాత్రము నిలువయుంచుదురు. బుద్ధిపూర్వకము గాని పొరపాటును 10 దినములలోపల తెలిపినవానికి సామాన్యముగా శిక్షనుండి మినహాయింపు గలదు. నేరములకును, బుద్ధిపూర్వకముగా నియమములను మీఱుటకును, ప్రమాదములకును ఈ యభయము వర్తింపదు. క్షమ వేఱు, విచ్చలవిడితనము వేఱు.

చోదకులే గాక, నేలపైనుండి దారిచూపు అధికారులు, యంత్రములను బాగుచేయు మెకానిక్కులు, ప్రయాణికులకు పరిచర్య చేయువారు గూడ ఇట్లు వ్రాయుచుందురు. ఒకే విధమగు నెంబర్లుగల రెండు విమానము లొకేసారి యెగురుచుండగా ఒకదాని కిచ్చిన యాజ్ఞను రెండవది వినెనని యొకరు వ్రాయవచ్చును. నిద్రలేమిచే ఎత్తును తప్పుగా చదివితినని వేఱొకరు వ్రాయవచ్చును. ఒక్క యుత్తరమును చూచిన నది స్వల్పవిషయముగా తోచును. వేర్వేఱు కంపెనీలనుండి పదిమంది యొకే చోటును గుఱించి వ్రాసినప్పుడు, దోషము మనుష్యులయందు గాక, అక్కడి దీపములయందో, పటమునందో, ఆజ్ఞాపదములయందో కలదని తెలియును. అట్టి సంగతులను ఏర్చి 1979 నుండి ‘కాల్‌బ్యాక్’ అను చిన్నపత్రికలో ప్రచురించుచున్నారు. నేటివఱకు వచ్చిన నివేదికలు 10 లక్షలకు మించినవి. ఇంగ్లాండునందు నిట్టి యేర్పాటు 1982 లో మొదలయ్యెను. భారతదేశమందును స్వచ్ఛందముగా నివేదించు పద్ధతి కలదు. ప్రమాదవిచారణయొక్క ఏకైక ప్రయోజనము మరల ప్రమాదము జరుగకుండ చేయుటయేగాని, నేరము మోపుట కాదని మనదేశపు 2012 నాటి నియమములు తెలిపినవి.

అయితే చెప్పుట యొక్కటియే చాలదు, విన్నదానిని అభ్యసింపవలెను. 1972 డిసెంబరులో ఫ్లారిడాయందు ఈస్టర్న్ కంపెనీవారి విమానమున చోదకులందఱును వెలుగని చిన్నదీపమొకదానిని పరీక్షించుచుండగా, విమానము మెల్లగా క్రిందికి దిగుట నెవరును గమనింపలేదు. 101 మంది మరణించిరి. ఏ చిక్కు వచ్చినను ఒకరు విమానమును నడుపుటయందే మనస్సుంచవలెనను పాఠము నాటినుండి లోకమంతట వ్యాపించెను.

మనకు పడమటనున్న వెలిగొండలవెంట ఉత్తరముగా పోయినచో నల్లమల వచ్చును. 2009 సెప్టెంబరు 2 వ తేదీన ముఖ్యమంత్రి డాక్టరు వై. యస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు పోవుచుండగా, హెలికాప్టరు ఆ యడవులలో కూలి, అందున్న ఐదుగురును మరణించిరి. నూనె పీడనమును గూర్చిన హెచ్చరిక యొకటి కనబడగా, దానికి తగిన సూచనలను వెదకుటయందు చోదకుల దృష్టి నిలిచెననియు, ప్రబలమగు వానమేఘములనుండి మఱలిపోలేదనియు విచారణసంఘమువారు తెలిపిరి. మృతులను నిందించుటకు గాక, ఇకమీద నెగురువారికి బుద్ధి గలుగుటకే యిట్టి విచారణములను చదువవలెను. ముప్పదియేడేండ్ల క్రిందటి పాఠమైనను ప్రతి చోదకుడును క్రొత్తగా నేర్వవలసినదే.

బాలబాలికలారా! ఈ విషయము విమానమెక్కనివారికి గూడ సంబంధించినదే. ప్రయోగశాలలో ఆమ్లపుసీసాకు వేఱొక చీటీ నంటించితిరని జ్ఞాపకము వచ్చినచో తత్‌క్షణమే ఉపాధ్యాయునితో చెప్పుడు. దాచినచో రేపు మీ తోడివిద్యార్థి చేయి కాలవచ్చును. తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును గూడ ఒక మనవి. తప్పు చేసితినని తనంతట వచ్చి చెప్పిన బిడ్డను బెత్తముతో నెదుర్కొన్నచో, వాడు మరల తప్పు చేయకుండ నేర్వడు. మరల చెప్పకుండ నేర్చును. అమెరికాలో 92 మంది ప్రాణములు పోయిన పిమ్మట పెద్దలు నేర్చిన యీ సంగతిని మనము మన తరగతిగదిలోనే, ఏ నష్టమును లేకుండ నేర్వవచ్చును గదా!