గొలుసు రంపమునకు పదును

సరుగుడు తోటలు కోయు రైతులు పలువురు గొలుసు రంపములు వాడుచున్నారు. గొలుసు అరిగినప్పుడు పొడవు మాత్రమే చూచి క్రొత్తది కొనరాదు. వరుసనున్న మూడు రివిట్ల నడిమి దూరములో సగము, గాడిలో దిగు లంకెల మందము, ఆ లంకెల లెక్క, ఈ మూడును పాతదానితో సరిపోవలయును.

కోతలో పేళ్లకు మారుగా పిండివంటి పొట్టు రాలినచో పదును పోయినదన్నమాట. అప్పుడు రంపమును బలవంతముగా నొక్కరాదు. మర నాపి, తొడుగులు వేసికొని, గుండ్రని ఆకురాయితో పంటి లోపలినుండి వెలుపలికి, ఒకే దిక్కున, సామాన్యముగా 30 డిగ్రీల వాలున రాయవలయును. 0.325 అంగుళముల గొలుసునకు 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి తగినది. పండ్లన్నియు సమానముగా నుండవలయును. ఒక ప్రక్కవి పొట్టివైనచో కోత వంకరపోవును. (ఈ పంటి రూపమును అమెరికాలో జోసెఫ్ కాక్స్ 1946లో మొద్దు తొలుచు పురుగు దవడలను చూచి కల్పించెను.)

పంటి ముందరి బొడిపె కోత లోతును అదుపుచేయును. అది పంటికన్న సుమారు 0.65 మిల్లీమీటరు తగ్గియుండిన చాలును. త్వరగా తెగునను ఆశతో నేనొకమారు దానిని మిక్కిలి అరగదీసితిని. రంపము మ్రానును పట్టి నా మొగముదాక ఎగసెను. అది మొదలు కొలతపలక లేనిదే బొడిపెను తాకుట లేదు.