ఆట మధ్యలో ఆరిపోయే కంప్యూటర్

ఇంటర్నెట్ చూస్తున్నా, సినిమా పెట్టుకున్నా ఏ ఇబ్బందీ పెట్టని డెస్క్‌టాప్ కంప్యూటర్, గేమ్ మొదలుపెట్టిన పావుగంటకో అరగంటకో ఆగిపోతుంది. మామూలు పనుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు ఖాళీగానే ఉంటాయి. గేమ్‌లో రెండూ ఒకేసారి గట్టిగా పనిచేస్తాయి. ఆర్‌టీఎక్స్ 3060 వంటి మధ్యస్థాయి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 170 వాట్ల దాకా తీసుకుంటుంది. ప్రాసెసర్ కూడా కలిస్తే 250 వాట్లు దాటడం మామూలే. ఈ కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. మూసి ఉన్న క్యాబినెట్ లోంచి ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి పంపాల్సింది ఫ్యాన్లే.

హైదరాబాద్ తూర్పున మల్లాపూర్, నాచారం, ఉప్పల్ ప్రాంతాల్లో ఆ ఫ్యాన్లకు పని ఎక్కువ. గాలితో చల్లబరిచే ఏ ఫ్యానూ విడిభాగాన్ని గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 70 చూపే ప్రాసెసర్, మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో అదే గేమ్‌కు 83 దగ్గరికి వెళ్తుంది. దీనికి దుమ్ము తోడవుతుంది. పారిశ్రామికవాడల మధ్య లారీలు తిరిగే రోడ్ల పక్కన ఉన్న ఇళ్లలో హీట్‌సింక్ రేకుల మధ్య సందులు త్వరగా పూడుకుపోతాయి. చల్లగా ఉంటుందని క్యాబినెట్‌ను నీళ్ల కూలర్‌కు ఎదురుగా పెట్టడం ఇంకా చేటు. తడిగాలికి దుమ్ము పొడిగా రాలిపోకుండా రేకులకు అంటుకుని గట్టిపడుతుంది, బ్లోయర్‌తో ఊదినా వదలదు. కంప్యూటర్ టేబుల్‌లో తలుపున్న అరలో క్యాబినెట్ పెట్టే అలవాటు కూడా చాలా ఇళ్లలో ఉంది. ఆ అరలో వదిలిన వేడిగాలినే ఫ్యాన్లు మళ్లీ లోపలికి పీలుస్తాయి.

అయితే ఆగిపోయిన ప్రతిసారీ తప్పు వేడిదే అనుకోకూడదు. ఇప్పటి ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. కాబట్టి వేడి ముదిరినప్పుడు ముందు కనిపించే లక్షణం ఆట నత్తనడక నడవడం. ఆ తర్వాతే యంత్రం ఆగుతుంది. ఎలాంటి హెచ్చరికా లేకుండా స్విచ్ తీసేసినట్టు ఆరిపోతే లోపలి విడిభాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌ను, ఇంటి కరెంటు సరఫరాను అనుమానించాలి. తెర నల్లబడి ఫ్యాన్లు హోరెత్తితే గ్రాఫిక్స్ కార్డు వైపు చూడాలి. నీలి తెర వస్తే ర్యామ్ లేదా డ్రైవర్ కారణం కావచ్చు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే ‘కెర్నల్-పవర్ 41’ను చూసి ఎస్ఎంపీఎస్ పోయిందని తేల్చేసేవారు ఎక్కువ. అది చెప్పేది ఒక్కటే: కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదని.

అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు కొలత కావాలి. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లాగింగ్ ఆన్ చేస్తే అది ప్రధాన విడిభాగాల ఉష్ణోగ్రతలను క్షణక్షణం ఫైల్‌లో రాస్తూ పోతుంది. గేమ్ ఆగిపోయాక ఆ ఫైల్‌లో చివరి వరుసలు చూస్తే చాలు. ప్రాసెసర్ 75, గ్రాఫిక్స్ కార్డు 72 దగ్గర ఉండగా యంత్రం ఆగితే కారణం ఆ రెండింటి వేడి కాదు. అంకెలు ఎక్కువగా ఉంటే క్యాబినెట్ పక్క మూత తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి అదే గేమ్ ఆడి చూడాలి. ఉష్ణోగ్రత బాగా తగ్గితే లోపం గాలి రాకపోకల్లో ఉంది. ప్రాసెసర్ అంకె కదలకపోతే కూలర్ సరిగా ఆనడం లేదు, లేదా మధ్యలోని థర్మల్ పేస్ట్ ఎండిపోయింది. పైసా ఖర్చులేని ఈ పరీక్షను ఎవరూ వదులుకోకూడదు.

శుభ్రం చేసేటప్పుడు ప్లగ్ తీసి, క్యాబినెట్‌ను బాల్కనీలోకో ఆరుబయటికో తీసుకెళ్లి బ్లోయర్‌తో ఊదాలి. ఫ్యాన్ రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోవాలి. గాలి వేగానికి అవి విపరీతంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకూడదు. ప్లగ్ తీశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్ నిలిచి ఉంటుంది. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠానీగింజంత కొత్త పేస్ట్ పెడితే సరిపోతుంది. ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు మూలలా నొక్కే పిన్నులుంటాయి. వాటిలో ఒక్కటి వదులైనా ఉష్ణోగ్రత ఎగబాకుతుంది. గేమ్ మొదలైన కొన్ని క్షణాల్లోనే ప్రాసెసర్ 90 దాటితే ఈ పిన్నులనే ముందు చూడాలి. లిక్విడ్ కూలర్ ఉన్నచోట పంపు తిరుగుతోందో లేదో చూడాలి. ముందు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలి, వెనక, పైన ఉన్నవి బయటికి తోయాలి.

వేడి కాదని తేలితే తర్వాత అనుమానం యూపీఎస్‌పైన. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్‌లు ఎక్కువగా 360 వాట్ల వరకే మోయగలవు. గ్రాఫిక్స్ కార్డు క్షణకాలం ఎక్కువ లాగినా అవి కీచుమని కట్ చేసేస్తాయి. కంప్యూటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి ఆడితే సంగతి తెలిసిపోతుంది. ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లలో కొన్నింటికి మరో చిక్కుంది. అవసరానికి మించిన వోల్టేజీతో అవి క్రమంగా దెబ్బతిని గేమ్‌లు మూతపడ్డాయి. ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసి, ఆ ప్రాసెసర్లకు వారంటీని రెండేళ్లు పొడిగించింది. అవి ఉన్నవారు మదర్‌బోర్డు బయోస్‌ను అప్‌డేట్ చేయడం తప్పనిసరి.

ఎండాకాలం గట్టెక్కడానికి తేలికైన దారి ఫ్రేమ్‌ల సంఖ్యకు పరిమితి పెట్టడం. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 140 ఫ్రేమ్‌లు గీయించడం వేడి పెంచుకోవడమే. 60 దగ్గర ఆపితే గ్రాఫిక్స్ కార్డుపై భారం బాగా తగ్గుతుంది.

ఇవన్నీ చూశాకే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బయలుదేరండి. వెళ్లేటప్పుడు ఆ ఉష్ణోగ్రతల ఫైల్‌నూ, పాత బిల్లులనూ వెంట తీసుకెళ్లండి. వారంటీ ఉన్న గ్రాఫిక్స్ కార్డును మాత్రం సర్వీస్ సెంటర్‌కు చూపించే ముందు మీరు విప్పవద్దు.