దొంగతనాన్ని అడ్డుకునే పరికరంతో కారు బీమా తగ్గుతుందా?

తగ్గుతుంది, అయితే స్వల్పంగానే. భారత మోటార్ టారిఫ్ ప్రకారం, పుణెలోని ఏఆర్‌ఏఐ సంస్థ ఆమోదించిన పరికరాన్ని అమర్చి, గుర్తింపు పొందిన ఆటోమొబైల్ సంఘం నుంచి ధ్రువపత్రం తీసుకుంటే 2.5 శాతం రాయితీ లభిస్తుంది. గరిష్ఠ పరిమితి 500 రూపాయలు. 2007 నుంచి ప్రీమియాన్ని బీమా సంస్థలే నిర్ణయించుకుంటున్నందున, రాయితీ ఎంతో ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

ఈ రాయితీ సొంత వాహన నష్టానికి చెల్లించే ప్రీమియానికే వర్తిస్తుంది. చట్టరీత్యా తప్పనిసరైన థర్డ్ పార్టీ ప్రీమియంలో ఒక్క రూపాయి కూడా తగ్గదు. పైగా ఆ పాలసీ ఒక్కటే ఉన్నవారికి కారు చోరీకి గురైతే పరిహారమే అందదు.

సొంత నష్టం ప్రీమియం 8,000 రూపాయలైతే ఏడాదికి మిగిలేది 200. పరికరం ఖరీదు వేలల్లో ఉంటే ఆ సొమ్ము తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. అసలు లాభం నో క్లెయిమ్ బోనస్‌లో ఉంది. క్లెయిమ్ లేని తొలి ఏడాదికి 20 శాతం, వరుసగా ఐదేళ్లకు 50 శాతం వరకు ప్రీమియం తగ్గుతుంది. చోరీకి పరిహారం కోరితే ఆ బోనస్ పోతుంది.

పరికరం ఉన్నా తాళంచెవిని కారులోనే వదిలి వెళితే క్లెయిమ్ చిక్కుల్లో పడవచ్చు. చోరీ జరిగినప్పుడు బీమా సంస్థలు సాధారణంగా ఎఫ్‌ఐఆర్‌తో పాటు కారు తాళంచెవులన్నింటినీ అప్పగించమంటాయి.